‘దశలవారీగా’ అనే మాట వెనక

చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం ముగ్గురు మనుషులు మా ఇంటికి వచ్చారు. ఒక జలాశయం కింద మునిగిపోబోతున్న ఊరివాళ్లు. ముగ్గురిలో పెద్దవాడు పంచె మడతలోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చాడు. అది ఆఫీసు నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి, అందులో ఏముందో చెప్పగలనని వాళ్ల నమ్మకం.

ఉత్తరం మూడే వాక్యాలు. కొత్త ఊరిని ‘ఇన్ ఎ ఫేజ్డ్ మానర్’ అభివృద్ధి చేస్తారట. సౌకర్యాలు ‘ఓవర్ ఎ పీరియడ్ ఆఫ్ టైమ్’ ఏర్పడతాయట. మిగిలిన పనులు ‘యాజ్ అండ్ వెన్ ఫండ్స్ పర్మిట్’ చేపడతారట. నేను తడుముకోకుండా తెలుగు చేసి చెప్పాను: “దశలవారీగా ఊరు కడతారు. క్రమక్రమంగా సౌకర్యాలు కల్పిస్తారు. నిధులు రాగానే మిగతావి పూర్తిచేస్తారు.”

పెద్దాయన కాసేపు ఆలోచించి అడిగాడు: “ఎన్ని దశలు మాష్టారూ? మొదటి దశ ఏ నెలలో?”

కాగితం మళ్లీ చూశాను. దశలెన్నో లేదు. నెల లేదు. ఏడాది కూడా లేదు. అప్పుడు నాకు తట్టిందేమంటే, ఆ ఉత్తరం ఇవ్వని హామీని నా అనువాదం ఇచ్చింది. ‘యాజ్ అండ్ వెన్’ అంటే ‘ఎప్పుడైనా వస్తే, వచ్చినప్పుడు’ అని. నేను దాన్ని ‘రాగానే’ అన్నాను. రావడం ఖాయమన్నట్టు చెప్పాను. ‘ఏర్పడతాయి’ అన్నదాన్ని ‘కల్పిస్తారు’ అన్నాను. కర్త లేని వాక్యానికి కర్తను దానం చేశాను. అబద్ధం చెప్పాలని కాదు. తెలుగు వాక్యం సాఫీగా నడవాలనే ఆరాటం నాచేత ఆ పని చేయించింది.

ఒక పని కొంతకాలం పాటు కొంచెం కొంచెంగా సాగుతుందని చెప్పే ఇంగ్లీషు పదబంధాల మీద నాకు పట్టుదల పుట్టింది ఆనాడే. ఈ మాటలు పత్రికల్లో, ప్రణాళికల్లో, సాహిత్య విమర్శలో, మన సంఘాల నివేదికల్లో కూడా కనిపిస్తాయి. రచయితలూ సాహిత్య విద్యార్థులూ వీటిని ఇష్టమొచ్చినట్టు తెలుగులోకి దించుకుంటున్నారు. అందుకే ఒక్కొక్కదాన్నీ విప్పి చూడవలసిన అవసరం ఉందనుకుంటున్నాను.

1

మొదట ‘గ్రాడ్యువల్’. దీని మూలం లాటిన్‌లోని ‘గ్రాడస్’. దాని అర్థం మెట్టు, అడుగు. ‘గ్రాడ్యుయేట్’ కూడా ఆ మూలం నుంచి వచ్చినదే. అయితే నేటి వాడుకలో ఈ మాటలో మెట్టు మిగలలేదు. అంచులు కనిపించకుండా, ఎక్కడ మారిందో చూపించలేనట్టుగా సాగే మార్పును గ్రాడ్యువల్ అంటారు. సాయంత్రం చీకటి పడటం అట్లాంటిది. చీకటికి ఈ మాట చక్కగా సరిపోతుంది, ఎందుకంటే దాన్ని చేసేవాడు లేడు. మనుషులు చేసే పనికి అంటిస్తే మాత్రం ఆ పనికీ చేసేవాడు లేడన్న భ్రమ కలుగుతుంది.

‘స్టెప్ బై స్టెప్’ అట్లా కాదు. అందులో నడిచేవాడున్నాడు. రెండో అడుగు మొదటి అడుగు తరవాతే పడాలి. క్రమం ఉంది, లెక్క ఉంది. ‘మెట్టుమెట్టుగా’, ‘అడుగడుగుగా’ అనేవి దీనికి దగ్గరగా వస్తాయి.

‘స్టేజ్’ అనే మాటకు ప్రయాణాల్లో ‘ఆగేచోటు’ అనే అర్థం ఉండేది. పూర్వం గుర్రపు బండ్లు ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి వెళ్లి, అక్కడ గుర్రాలను మార్చుకునేవి. మన బస్సు కండక్టరు టిక్కెట్టు కొట్టేటప్పుడు లెక్కవేసే స్టేజీ ఆ సంతతిదే. తెలుగులో దీనికి ‘అంచె’ అనే మంచి మాట ఉంది. అంచె గుర్రాలు, అంచె తపాలా అని పాతవాళ్లు అనేవారు. ఒకడు తెచ్చి ఇంకొకడి చేతిలో పెడితేనే అంచె. ‘అంచెలంచెలుగా’ అని రాసేటప్పుడు ఎవరు ఎవరికి అందించారో మన మనసులో ఉండాలి. అది లేకపోతే ఆ మాట ఉట్టి అలంకారం.

‘ఫేజ్’ సంగతి ఇంకా విచిత్రం. ఇది గ్రీకు మాట. కనిపించడం అనే అర్థం నుంచి వచ్చింది. ముందుగా చంద్రకళలకు వాడారు. చంద్రుడు పెరగడు, తరగడు. మనకు కనిపించే వెలుగు భాగం మారుతుంది, అంతే. ఈ మాట ప్రణాళికల్లో చేరి ‘ఫేజ్డ్ మానర్’ అయింది. మనం దాన్ని ‘దశలవారీ’ చేసుకున్నాం. తెలుగువాడికి దశ అనగానే గుర్తొచ్చేది జాతకం. దశ తిరిగింది అంటాడు, శనిదశ పట్టింది అంటాడు. దశ రావడం, పోవడం మనిషి చేతిలో ఉండవని మన వాడుకలో పాతుకుపోయింది. ఆఫీసు కాగితంలోని ‘దశలవారీ’కి ఈ వాసన అంటుకుంటే, చేయవలసిన పని గ్రహచారం అయిపోతుంది.

‘ఇంక్రిమెంటల్’ అనేది లెక్కల మాట. ఉద్యోగులకు ఏడాదికోసారి వచ్చే ఇంక్రిమెంటు వల్ల ఇది అందరికీ తెలుసు. ఉన్నదాని మీద కొంత చేరుతుంది. చేరినది కొలవదగినదిగా ఉంటుంది. ఇంక్రిమెంటల్‌గా ఒక పని సాగుతోందంటే, చేరిన ప్రతి ముక్కా దానికదే పనికిరావాలి. మూడు గదుల బడిలో ముందు ఒక గది కట్టి అందులో పాఠాలు మొదలుపెట్టడం ఇంక్రిమెంటల్. మూడు గదులకూ పునాదులు తీసి వదిలెయ్యడం అట్లా అనిపించుకోదు.

ఇక ‘ఇన్‌స్టాల్‌మెంట్’. దీనికి మనం వాడే ‘వాయిదా’ ఎంత గొప్ప మాటో గమనించండి. పార్సీ, అరబ్బీల మీదుగా వచ్చిన ఈ మాటకు మూలార్థం ‘మాట ఇవ్వడం’. తెలుగులో అది ‘ఇన్ని భాగాలుగా చెల్లించడం’ అయింది. ‘ఇవాళ కాదు, మరోరోజు’ కూడా అయింది. అప్పు వాయిదాల మీద తీరుతుంది, కేసు వాయిదా పడుతుంది. మాట ఇవ్వడం, కొంచెం కొంచెంగా ఇవ్వడం, ఇవ్వకుండా జరపడం – మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. కోర్టుల చుట్టూ, షావుకార్ల చుట్టూ తిరిగిన జనం ఏ భాషాశాస్త్రవేత్తా చెప్పకుండానే ఈ మాటను ఇట్లా తీర్చారు.

2

పేర్ల కంటే ముఖ్యమైనది క్రియ. ‘డెవలప్’ అంటే మూలంలో చుట్టను విప్పడం. ఇంగ్లీషులో ఈ క్రియకు ఒక సౌలభ్యం ఉంది. ‘వాళ్లు ఊరిని డెవలప్ చేశారు’ అనడానికీ, ‘ఊరు డెవలప్ అయింది’ అనడానికీ రూపం మారదు. ‘గ్రో’, ‘చేంజ్’, ‘ఇంప్రూవ్’ కూడా అంతే. కర్తను చెప్పాలనుకుంటే చెప్పవచ్చు. దాచాలనుకుంటే క్రియను ముట్టుకోకుండానే దాచవచ్చు.

తెలుగు ఈ వెసులుబాటు ఇవ్వదు. పెరిగింది వేరు, పెంచారు వేరు. మారింది వేరు, మార్చారు వేరు. తెగింది వేరు, తెంచారు వేరు. మునిగింది వేరు, ముంచారు వేరు. ఇంగ్లీషు వాక్యం తెలుగులోకి వచ్చే ప్రతిసారీ అనువాదకుడు ఈ రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక తటస్థంగా ఉండదు. ‘కాలక్రమంలో చేనేత క్షీణించింది’ అని రాసేవాడికీ, ‘చేనేతను దెబ్బ తీస్తూ వచ్చారు’ అని రాసేవాడికీ మధ్య ఉన్నది వ్యాకరణభేదం మాత్రమేనా? రెండో వాక్యం రాసినవాడు ‘ఎవరు?’ అనే ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పుకోవాలి. చెప్పలేకపోతే ఆ వాక్యం రాసే హక్కు అతనికి లేదు. మొదటి వాక్యం రాసినవాడికి ఆ ఇబ్బంది లేదు. అతని చేత నేరం చేయించినది కాలం.

‘ఓవర్ టైమ్’ అనే చిన్న పదబంధం కూడా ఇట్లాంటిదే. ఒకసారి ఒక విద్యార్థి వ్యాసంలో ‘నవలా ప్రక్రియ ఓవర్‌టైమ్ పనిచేసి వికసించింది’ అని రాశాడు. రెండు విడి మాటలకూ, కలిసిన ఒక్క మాటకూ తేడా అతనికి తెలియలేదు. నవ్వుకున్నాం. తరవాత నాకనిపించింది, ఆ కుర్రవాడి పొరపాటులోనే నిజముందని. ఏదీ ఊరికే కాలం గడిచినంత మాత్రాన వికసించదు. ఎవరో అదనపు గంటలు పనిచేసి ఉంటారు.

3

ఈ మాటలు చరిత్రలో ఏం చేశాయో చూద్దాం. అమెరికా సుప్రీంకోర్టు 1954లో ‘బ్రౌన్’ కేసు తీర్పులో, తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరువేరు ప్రభుత్వ పాఠశాలలుండటం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. దాన్ని అమలు చేసే విధానం గురించి 1955లో ఇంకో తీర్పు ఇచ్చింది. అందులో గడువు పెట్టలేదు. ‘విత్ ఆల్ డెలిబరేట్ స్పీడ్’ అనే పదబంధం వాడింది. డెలిబరేట్ అంటే ఆచితూచి, స్పీడ్ అంటే వేగం. ఆచితూచి వేగంగా! దక్షిణాది రాష్ట్రాల పాలకులు రెండో మాట వదిలేసి మొదటి మాట పట్టుకున్నారు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో, పిల్లలను కలిపి కూర్చోబెట్టడం ఇష్టంలేక 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ పాఠశాలలనే మూసేశారు. చివరికి 1969లో అదే కోర్టు మిసిసిపీకి చెందిన ఒక కేసులో, ఇక ఆ పదబంధం చెల్లదనీ, వేరువేరు పాఠశాలల పద్ధతిని వెంటనే ముగించాలనీ చెప్పవలసి వచ్చింది. ఒక పదబంధం ఖరీదు ఒక తరం పిల్లల చదువు. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో వాషింగ్టన్ సభలో గ్రాడ్యువలిజాన్ని మత్తుమందుతో పోల్చింది ఈ అనుభవంతోనే.

ఆ తీర్పులో లోపం గడువు లేకపోవడం. గడువుంటే చాలునా? చాలదని మన రాజ్యాంగంలోని 45వ అధికరణం చెబుతుంది. 1950లో అమల్లోకి వచ్చిన ఆ అధికరణం, పదేళ్లలోగా పద్నాలుగేళ్ల వయసు దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు రాజ్యం ప్రయత్నించాలన్నది. గడువు స్పష్టంగా ఉంది: 1960. కాని క్రియ చూడండి. ‘అందించాలి’ కాదు, ‘అందించేందుకు ప్రయత్నించాలి’. ఇంగ్లీషులో అది ‘ఎండెవర్’. ప్రయత్నానికి గడువు పెడితే, గడువునాటికి ప్రయత్నం ఉంటే చాలు, ఫలితం ఉండనక్కరలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అది ప్రాథమిక హక్కయింది. 2009లో చట్టం చేశారు. అది 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పదేళ్ల గడువు అరవై ఏళ్లయింది.

గడువూ క్రియా తరవాత కర్త సంగతి. ఇంగ్లండులో 1884లో ఏర్పడిన ఫేబియన్ సొసైటీ తనకు ఫేబియస్ అనే రోమన్ సేనాని పేరు పెట్టుకున్నది. హానిబాల్‌తో ముఖాముఖి తలపడకుండా కాలయాపన చేసి అలసిపోయేలా చేసిన సేనాని అతను. ఆ సొసైటీ ప్రముఖుడు సిడ్నీ వెబ్ 1923లో లేబర్ పార్టీ సభలో మాట్లాడుతూ ‘ఇనెవిటబిలిటీ ఆఫ్ గ్రాడ్యువల్‌నెస్’ అన్నాడు. మెల్లగా రావడం అనివార్యం అని. ఈ పదబంధంలో ఒక్క మనిషీ లేడు. సమ్మె చేసే కార్మికుడు లేడు, అడ్డుపడే యజమానీ లేడు. గ్రాడ్యువల్ అనే విశేషణాన్ని నామవాచకం చేసి, చరిత్రను నడిపే పని దానికి అప్పగించారు. ఫేబియన్లతో రాజకీయంగా ఏకీభవించినా, విభేదించినా, ఆ పదబంధం ఎట్లా పనిచేస్తుందో రచయితకు తెలిసి ఉండాలి.

4

ఇంతవరకు చదివినవారికి నేను నిదానానికే వ్యతిరేకినన్న అనుమానం రావచ్చు. కాదు. కొన్ని పనులు నిదానంగా తప్ప కావు. ఇంగ్లీషువాళ్ల మహానిఘంటువునే తీసుకోండి. 1857లో లండన్ ఫైలలాజికల్ సొసైటీలో ఆ ఆలోచన మొదలైంది. 1879లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్‌తో ఒప్పందం కుదిరినప్పుడు పదేళ్లలో అయిపోతుందనుకున్నారు. 1884లో తొలి భాగం వెలువడేసరికి ‘యాంట్’ అనే మాట దాకా వచ్చారు. అంటే చీమ దాకా! పూర్తయింది 1928లో. గడువు ఘోరంగా తప్పింది. అయినా దాన్ని మోసం అనం. ఎందుకని? ప్రతి భాగమూ అచ్చయి పాఠకుడి చేతికి వచ్చింది. ఎంత అయిందో, ఎంత మిగిలిందో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. ఎవరు చేస్తున్నారో తెలుసు. ఉదాహరణలు రాసి పంపిన వేలాది పాఠకుల శ్రమ అందులో ఉంది.

‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ అనే పదబంధం సాహిత్య విద్యార్థులకు జేమ్స్ జాయిస్ ద్వారా పరిచయం. ‘ఫినెగన్స్ వేక్’ నవల 1939లో పుస్తకంగా రాకముందు, అందులోని భాగాలు పత్రికల్లో ఏళ్ల తరబడి ఈ పేరుతోనే వచ్చాయి. దీన్ని ‘పురోగతిలో ఉన్న కృతి’ అని తర్జుమా చేస్తే రోడ్డు పనుల బోర్డులా ఉంటుంది. ‘ఇంకా రాస్తున్న నవల’ అంటే సరిపోతుంది. మన వారపత్రికల ధారావాహికలు చదివి పెరిగిన పాఠకుడికి ఇందులో వింత ఏమీ లేదు.

జనం కూడా ఈ విషయంలో ఏకపక్షంగా లేరు. నిదానమే ప్రధానం అన్నవాళ్లే ఆలస్యం అమృతం విషం అనీ అన్నారు. రెండు సామెతలూ నిజమే. ఏ పనికి ఏది వర్తిస్తుందో ఎవరు నిర్ణయిస్తారన్నదే ప్రశ్న. నిదానం ఎవరి అవసరం, ఆలస్యం ఎవరికి విషం? ఊరు మునుగుతున్నవాడికీ, ఆనకట్ట కడుతున్నవాడికీ ఒకే కాలం నడవదు. నాటి నాకు తెలిసిన ఆ ఊరి సంగతిలో ఆనకట్టకు గడువుంది, ఊరికి దశలున్నాయి.

5

రచయితలకు ఆచరణలో పనికొచ్చే మాట ఒకటి రెండు చెబుతాను.

సాగే కాలాన్ని చెప్పడానికి తెలుగు క్రియకు తనదైన శక్తి ఉంది. ‘రాస్తూ వచ్చాడు’ అంటే ఎప్పటినుంచో మొదలై చెబుతున్న ఘడియ దాకా. ‘రాస్తూ పోయాడు’ అంటే అక్కడినుంచి ముందుకు, ఆగకుండా. ‘రాసుకుంటూ వచ్చాడు’ అంటే తనకోసం, తనకు తానుగా. ఇంగ్లీషువాడు ఇంత చెప్పడానికి సహాయక క్రియలు పేర్చుకోవాలి. మనకు రెండు మాటలు చాలు. చేతిలో ఇది ఉండగా ‘ఒక కాలవ్యవధిలో రచనా ప్రక్రియను అభివృద్ధిపరచుకొనడం జరిగింది’ అని రాసేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ‘జరిగింది’ అనే ఈ తోక ఇంగ్లీషు కర్మణి ప్రయోగానికి మనం కట్టిన కప్పం. ‘చేశారు’ అనవలసిన చోట ‘చేయడం జరిగింది’ అంటే, చేసినవాడు గుమ్మం దాటి వెళ్లిపోతాడు.

అట్లాగే ‘రానురాను’, ‘పోనుపోను’, ‘క్రమేణా’, ‘మెల్లమెల్లగా’, ‘విడతలుగా’ అన్నీ ఒకటి కావు. రానురాను అంటే చూస్తున్నవాడి అనుభవం. విడతలుగా అంటే ఇచ్చేవాడి లెక్క. క్రమేణా అంటే ఎవరి లెక్కా కాదు. కథలో పాత్ర నోట ఏది పలికించాలో, వ్యాసంలో మనమేది రాయాలో ఈ తేడాను బట్టి తేల్చుకోవాలి. ఆయకట్టు రైతు ‘నీళ్లు విడతలుగా వదిలారు’ అంటాడు. ‘నీటి విడుదల క్రమేణా జరిగింది’ అనడు.

ఇటువంటి పదబంధం ఇంగ్లీషులో ఎదురైనప్పుడు నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. చేసేదెవరు? ఎన్ని భాగాలు? ఏ తేదీకి? ఒక్కో భాగం అయ్యాక ఎవరి చేతికి ఏం వస్తుంది? మూలంలో జవాబులుంటే తెలుగులో అవి కనిపించాలి. లేకపోతే ఆ లేమి కూడా తెలుగులో కనిపించాలి. మూలం దాచినదాన్ని అనువాదం పూడ్చకూడదు. ఖాళీని ఖాళీగా చూపించడమే నిజాయితీ.

ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పే ఇంగ్లీషు వాక్యాలు లేకపోలేదు. 2013లో పార్లమెంటు చేసి, 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టంలోని 38వ సెక్షన్ చూడండి. అవార్డు ప్రకటించిన తేదీ నుంచి మూడు నెలల్లో నష్టపరిహారం, ఆరు నెలల్లో పునరావాసంలో డబ్బు రూపంలో రావలసిన భాగం, పద్దెనిమిది నెలల్లో రోడ్లూ నీళ్లూ వంటి సౌకర్యాలు. సాగునీటి, జలవిద్యుత్తు ప్రాజెక్టులైతే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తికావాలి. ఇవీ దశలే. కాని ‘దశలవారీ’ అనే మాట అవసరం లేకుండా లెక్కపెట్టగలిగిన దశలు. అమలు సంగతి వేరే పోరాటం. అమలు కాలేదని నిలదీయడానికైనా వాక్యంలో తేదీ ఉండాలి కదా!

ఆ ఊరివాళ్ల దగ్గర మాత్రం ఆ రోజుల్లో ఈ చట్టం లేదు. నేను ఆ ఉత్తరాన్ని రెండోసారి తెలుగు చేసి చెప్పాను: “కొత్త ఊరు కొంత కొంతగా కట్టవచ్చు. ఎన్ని భాగాలో చెప్పలేదు. ఎప్పుడో చెప్పలేదు. ఎవరు కడతారో చెప్పలేదు. డబ్బు ఎప్పుడైనా వస్తే అప్పుడు మిగతా సంగతి చూస్తామన్నారు.”

పెద్దాయన కాగితం మడిచి పంచె మడతలో పెట్టుకున్నాడు. “ఇందాక చెప్పిందే బాగుంది మాష్టారూ. కానీ ఇదే రాసివ్వండి, రేపు ఆఫీసులో చూపించి అడగాలి” అన్నాడు.

ఆ ఐదు వాక్యాలూ రాసిచ్చాను. తరవాత నేను చేసిన అనువాదాలన్నిటికీ అదే కొలబద్ద అయింది.